మిగిలిన పక్షి ఏమైంది?

మొన్న మే నెలలో మా ఇంట్లో జొన్న చచ్చిపోయింది. జొన్న అంటే గినీ పంది. లేత పసుపు రంగు ఒళ్ళు, ఎడమ చెవి మీద చిన్న నల్ల మచ్చ. దాని జోడీ పేరు సజ్జ. రెండూ ఆడవే. నాలుగేళ్ళ క్రితం మా పాప పోరు పడలేక తెచ్చాం. ధాన్యాల పేర్లు పెట్టింది మా మామ్మ. "తెచ్చిన కాడ్నించీ మేస్తానే ఉన్నాయి, గింజల పేర్లే పెట్టండి" అంది.

జొన్న పోయిన వారం నేను రిలీజ్ పనిలో ఉన్నాను. రుషికొండ ఆఫీసు నుంచి గాజువాక ఇంటికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటేది. రోజూ సాయంత్రం వాటికి క్యాప్సికం ముక్కలు వేసేది నేనే. ఆ రెండు రోజులూ గిన్నెలో ముక్కలు మిగిలిపోతున్నాయని చూశాను. ఎండలు కదా అనుకున్నాను. గినీ పంది ఒక పూట తిండి మానేసినా అది డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిన విషయమనీ, దాని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలనీ, ఆగిపోతే గంటల లెక్కలో ప్రాణం మీదికి వస్తుందనీ నాకు తెలుసు. నాలుగేళ్ళ నుంచీ తెలుసు. తెలిసినా ఎండలు కదా అనుకున్నాను.

ఈ వ్యాసం జొన్న గురించి కాదు. మిగిలినదాని గురించి.

జొన్న పోయాక సజ్జ రెండు రోజులు చెక్కపెట్టె మూలన కూర్చుంది. ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడు వింటే ఇల్లు ఎగిరిపోయేలా కూత పెట్టే జంతువు, చప్పుడు చెయ్యడం మానేసింది. వంటింటి కాటా మీద పెట్టి తూచాను. 940 గ్రాములు ఉండాల్సింది, ఐదో రోజుకి 885. నాకు తెలిసిన పని ఒక్కటే కాబట్టి స్ప్రెడ్‌షీట్ మొదలుపెట్టాను. పాప మాత్రం ఒకే ప్రశ్న అడుగుతూ ఉంది: "నాన్నా, ఇప్పుడు సజ్జ ఏం చేస్తుంది?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతుంటే మొదట గుర్తొచ్చింది రామాయణం. క్రౌంచ పక్షుల కథ తెలుగు చదువుకున్న ప్రతివాడికీ తెలుసు. తమసా నది ఒడ్డు, పక్షుల జంట, బోయవాడి బాణం, మగపక్షి నేలకూలడం, ఆడపక్షి ఏడుపు, వాల్మీకి నోట శాపం, శాపమే శ్లోకం కావడం. మన కవిత్వం పుట్టిందే ఒక జంట విడిపోయినప్పుడు అని ఎన్ని ఉపన్యాసాల్లో విన్నానో లెక్కలేదు. ఆ పక్షి సారస కొంగే అయి ఉండాలని జూలియా లెస్లీ 1998లో ఒక పెద్ద వ్యాసం రాసింది. జంటకట్టి బతికే ఎత్తైన కొంగ, ఎర్రటి తల, దూరానికి వినిపించే అరుపు, అన్నీ సరిపోతాయని ఆమె వాదన.

అయితే ఇన్నేళ్ళుగా ఎప్పుడూ నాకు తట్టని విషయం ఒకటి ఇప్పుడు తట్టింది. శాపం పెట్టాక వాల్మీకి ఆ ఛందస్సు గురించి ఆశ్చర్యపోతూ స్నానం చేసి ఆశ్రమానికి వెళ్ళిపోతాడు. తర్వాత బ్రహ్మ వస్తాడు. తర్వాత రాముడి కథ మొదలవుతుంది. మరి ఆ ఆడపక్షి? దాని ఊసు మళ్ళీ రాదు. ఏడ్చినంతవరకే అది కావ్యానికి కావలసింది. మన ప్రబంధాల్లో జక్కవల సంగతీ ఇంతే. రాత్రి కాగానే విడిపోయి, తెల్లారేదాకా ఒకదాన్నొకటి పిలుచుకోవడం వాటి పని. విరహానికి ఉపమానంగా వందల పద్యాల్లో వాడుకున్నాం. నిజంగా జోడీ పోయిన జక్కవ ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది అని ఏ కవీ అడిగినట్టు నాకు కనిపించలేదు.

ఆ పక్షిని చూసినవాళ్ళు లేకపోలేదు. జహంగీర్ చక్రవర్తి తన జ్ఞాపకాల్లో సారస పక్షుల గురించి చాలా రాసుకున్నాడు. పెంచుకున్న జంటకి లైలా, మజ్నూ అని పేర్లు పెట్టి, అవి గుడ్లు పెట్టడం, వంతులవారీగా పొదగడం దగ్గరుండి గమనించాడు. వేటకి వెళ్ళిన తన మనిషి ఒకడు చెప్పిన సంగతి కూడా రాశాడు. ఒక సారసం బాగా నీరసించి కూర్చుని ఉంది. మనిషి దగ్గరికి రాగానే లేచి పక్కకి పోయింది. అది కూర్చున్న చోట చూస్తే కొన్ని ఎముకలు, గుప్పెడు ఈకలు. చనిపోయిన తన జోడీవి. వాల్మీకి వదిలేసిన చోటి నుంచి జహంగీర్ ఇంకో నాలుగు అడుగులు వేశాడనిపించింది.

* * *

గినీ పంది మాత్రం కావ్యాలకి ఎక్కలేదు. దానికి వేరే చరిత్ర ఉంది. ఆ చరిత్ర చదివాక సజ్జని చూసే చూపు మారింది.

పేరులోనే రెండు అబద్ధాలున్నాయి. అది పంది కాదు, ఎలుకల జాతికి చెందింది. గినీ దేశానిదీ కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద మనుషులు వేల ఏళ్ళ క్రితమే మచ్చిక చేసుకున్నారు. అక్కడ దాని పేరు కూయ్. వంటింట్లో పొయ్యి చుట్టూ గుంపుగా తిరుగుతూ, కూరల తొక్కలు తింటూ బతికేది. పండగకి కూర అయ్యేది. రోగికి ఏం జబ్బో కనిపెట్టడానికి నాటు వైద్యులు దాన్ని ఒంటికి రుద్దేవారు. పెరూలో కుస్కో నగరం చర్చిలో 18వ శతాబ్దపు 'చివరి విందు' చిత్రం ఒకటుంది. మార్కోస్ జపాటా పేరున చెప్పుకునే ఆ బొమ్మలో క్రీస్తు ముందున్న పళ్ళెంలో ఉన్నది కూయేనని అక్కడివాళ్ళు చూపిస్తారు.

స్పెయిన్ వాళ్ళు వెళ్ళాక అది ఓడెక్కింది. మిరప, జామ, బొప్పాయి, జీడిమామిడి కూడా ఆ దారిన సముద్రాలు దాటినవే. 1554లో స్విట్జర్లాండ్ పండితుడు కొన్రాడ్ గెస్నర్ దాని గురించి రాశాడు. సుమారు 1580 నాటికి ఇంగ్లండ్‌లో ముగ్గురు పిల్లల బొమ్మ ఒకటి గీశారు. మధ్యలో ఉన్న పాప చేతుల్లో గినీ పంది ఉంటుంది. ఫ్రెంచివాళ్ళు దాన్ని 'ఇండియా పంది' అంటారు. జర్మన్లు 'సముద్రపు చిట్టి పంది' అంటారు. ఎక్కడిదో తెలియకపోయినా ఓడలో వచ్చిందని మాత్రం తెలుసు. రేవు ఊళ్ళో పుట్టినవాణ్ణి కాబట్టి ఈ జర్మన్ పేరు నాకు నచ్చింది. మనవాళ్ళు అయితే సీమచింతలాగా 'సీమపంది' అని ఉండేవాళ్ళేమో.

ఓడ దిగాక దానికి రెండు దార్లు దొరికాయి. ఒకటి పిల్లల ఒడి. రెండోది ప్రయోగశాల.

1780లలో ఫ్రాన్స్‌లో లవాజియే, లాప్లాస్ ఇద్దరూ కలిసి ఒక గినీ పందిని మంచుతో చుట్టిన పాత్రలో కూర్చోబెట్టారు. పది గంటల్లో దాని ఒంటి వేడికి సుమారు 13 ఔన్సుల మంచు కరిగింది. ఊపిరి తీసుకోవడం అంటే నెమ్మదిగా మండడమేనని ఆ ప్రయోగం చెప్పింది. ఇంజనీరింగ్‌లో థర్మోడైనమిక్స్ పేపరు రెండుసార్లు రాసిన నాకు ఈ గినీ పంది గురించి ఎవరూ చెప్పలేదు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమిని కనిపెట్టానని ప్రకటించినప్పుడు, ఆయన సాక్ష్యంలో పెద్ద భాగం గినీ పందుల శవాలే. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు వాటికి ఉత్త ధాన్యం పెట్టి చూస్తే, నావికుల్ని వందల ఏళ్ళు చంపిన స్కర్వీ జబ్బు వాటికీ వచ్చింది. మనలాగే గినీ పందీ ఒంట్లో సి విటమిన్ తయారు చేసుకోలేదు. సజ్జకి రోజూ క్యాప్సికం ముక్క, జామకాయ ముక్క వెయ్యాల్సిందే అనడానికి కారణం అక్కడుంది.

20వ శతాబ్దం వచ్చేసరికి జంతువు పేరు కాస్తా మాట అయిపోయింది. తెలుగు పేపర్లలో 'గినీ పిగ్' అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది 2010లో. అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాలు వేశారు. చాలామంది గిరిజన పిల్లలు. హాస్టళ్ళలో ఉన్న పిల్లల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకి బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని విచారణలో తేలింది. కొందరు పిల్లల మరణాలకి టీకా కారణమని విచారణ తేల్చలేదు, సంబంధం ఉండకపోవచ్చనే చెప్పింది. కానీ అడగకుండా చేశారన్న విషయాన్ని 2013లో పార్లమెంటరీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. 'మా పిల్లల్ని గినీ పిగ్స్ చేశారు' అన్న మాటలో ఉన్న బాధ అదే. ఇంటికి దూరంగా ఒంటరిగా ఉన్నవాళ్ళ తరఫున ఇంకెవరో సరేనన్నారు. మా సాఫ్ట్‌వేర్‌లో కూడా కొత్త కోడ్‌ని ముందు కొద్దిమంది యూజర్ల మీద వదలడాన్ని 'కెనరీ రిలీజ్' అంటాం. బొగ్గు గనుల్లో విషవాయువు ఉందో లేదో చూడ్డానికి పంజరంలో తీసుకెళ్ళిన పిట్ట పేరు అది. ఆ పిట్ట గురించి నేను ఆలోచించింది కూడా ఈ మధ్యనే.

* * *

గినీ పంది మన దేశ చరిత్రలోకి గట్టిగా అడుగుపెట్టింది ప్లేగుతో. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. రేవు ఊళ్ళన్నీ వణికాయి. ఎలా అంటుకుంటుందో తెలియదు. మనిషి నుంచి మనిషికా? మట్టి నుంచా? గాలి నుంచా? తెలియనప్పుడు ప్రభుత్వం చేసే పని ఒక్కటే, విడదీయడం. ఇళ్ళు సోదా చేసి రోగుల్ని, వాళ్ళ చుట్టాల్ని వేరు వేరు క్యాంపులకి తరలించారు. జబ్బు కంటే ఆ విడదీయడానికి జనం ఎక్కువ భయపడ్డారు.

1898లో కరాచీలో పాల్ లూయీ సీమో అనే ఫ్రెంచి వైద్యుడు ఒక ప్రయోగం చేశాడు. పెద్ద గాజు సీసాలో ప్లేగుతో చావబోతున్న ఎలుక. దానికి తగలకుండా జాలీ పంజరంలో వేలాడుతూ ఆరోగ్యంగా ఉన్న ఇంకో ఎలుక. రెండూ ముట్టుకోలేదు. అయినా రెండోది చచ్చిపోయింది. మధ్యలో దూకింది ఎలుకల ఒంటి మీద బతికే రెక్కల్లేని చిన్న పురుగు, ఫ్లీ. చాలామంది ఆయన్ని నమ్మలేదు.

1905లో మొదలైన ప్లేగు పరిశోధక బృందం బొంబాయిలోని పరేల్‌లో దీన్ని తేల్చింది. వాళ్ళ పనిముట్టు గినీ పంది. ప్లేగు వచ్చిన ఇళ్ళలో గినీ పందుల్ని వదిలేవారు. ఆ ఇంట్లో ఉన్న పురుగులన్నీ వాటి మీద చేరేవి. పంజరాన్ని నేలకి 2 అంగుళాల ఎత్తున పెడితే అందులోది చచ్చిపోయింది. 2 అడుగుల ఎత్తున వేలాడదీస్తే బతికింది. పురుగు అంత ఎత్తు ఎగరలేదు. చుట్టూ బంక కాగితం పరిచినా బతికింది. నా దృష్టిలో వాళ్ళ అన్నిటికంటే గొప్ప ఫలితం ఇంకొకటి. పురుగులు లేకుండా చేసిన చోట జబ్బుపడ్డ జంతువునీ ఆరోగ్యంగా ఉన్నదాన్నీ ఒకే గూట్లో పెట్టారు. పక్కపక్కనే తిన్నాయి, పడుకున్నాయి. ఆరోగ్యంగా ఉన్నదానికి ఏమీ కాలేదు.

అంటే తోడు జబ్బు కాదు. మధ్యలో ఉన్నది వేరే. ఆ సంగతి తమ గూళ్ళలో పక్కపక్కన పడుకుని మనకి చెప్పినవి గినీ పందులు. ఊపిరితిత్తుల ప్లేగు వేరే సంగతి, అది తుంపరలతో అంటుతుంది. కానీ మామూలు ప్లేగుకి చుట్టాల్ని విడదీయడం కంటే ఎలుకల్ని, వాటి మీది పురుగుల్ని చూసుకోవడం ముఖ్యమని అప్పుడే అర్థమైంది.

* * *

ఇదంతా బొంబాయి కథ. మా ఇంటి కథ టీబీతో మొదలవుతుంది.

మా తాతయ్య విశాఖ రేవులో కూలీ. ఈ రేవు 1933లో మొదలైంది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రం దాటించడం దాన్ని కట్టడానికి పెద్ద కారణం. 1960లలో తాతయ్య చేరేనాటికి ఇనుప ఖనిజం కూడా ఎక్కువైంది. ఎర్రటి ధూళి, నల్లటి ధూళి. 1964లో ఆయనకి దగ్గుతో పాటు రక్తం పడింది. క్షయ.

అప్పటికి ఇరవై నాలుగేళ్ళున్న మామ్మకి గుర్తున్నది మందుల పేర్లు కాదు. కంచం. "మీ ముత్తమ్మ ఆయన కంచం, గలాసు వేరే చేసీసింది. వసారాలో నులకమంచం ఏసి మజ్జిన గోనె పట్టా కట్టింది. నాను అన్నం తీసుకెళ్ళి గడప కాడ పెట్టి వచ్చీయాలి. ఆయన తినీవోడు కాదు. కుక్కకి ఏసీవోడు" అని చెప్తుంది.

సూది మందు వేసే డాక్టరు మామ్మతో చెప్పాడట, శానిటోరియం అక్కర్లేదు, ఇంట్లోనే ఉంచి మందులు మానకుండా వాడండి, మీరు పక్కన కూర్చుని తినిపించండి అని. మామ్మ అత్తగారి మాట కాదని గోనె పట్టా తీసేసింది. మా ఇంట్లో ఇది ఇతిహాసం లాంటిది. ఎన్నోసార్లు విన్నాను. డాక్టరు మంచివాడు, మామ్మ ధైర్యవంతురాలు, అంతే అనుకునేవాణ్ణి. ఆ డాక్టరు అంత నమ్మకంగా ఎలా చెప్పగలిగాడు అని ఎప్పుడూ అడగలేదు.

జవాబు మద్రాసులో ఉంది. 1956లో అక్కడ క్షయ మందుల పరిశోధన కేంద్రం పెట్టారు. వాలెస్ ఫాక్స్ అనే వైద్యుడి ఆధ్వర్యంలో 193 మంది పేద రోగుల్ని రెండు గుంపులు చేశారు. సగం మందికి శానిటోరియంలో మంచం, మంచి తిండి, విశ్రాంతి. సగం మందికి ఇరుకిళ్ళలోనే, కుటుంబం మధ్యనే వైద్యం. ఇద్దరికీ అవే మందులు, ఏడాది పాటు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఆ తర్వాత చూస్తే వాళ్ళ పక్కన పడుకున్న భార్యా పిల్లలకి, శానిటోరియం రోగుల కుటుంబాల కంటే ఎక్కువగా ఏమీ అంటుకోలేదు. అంటుకోవాల్సింది జబ్బు బయటపడక ముందే అంటుకుంది. మందు మొదలయ్యాక విడదీసి సాధించేది పెద్దగా లేదు. ప్రపంచంలో శానిటోరియాల తలుపులు మూతపడడానికి ఈ ఫలితం కూడా ఒక కారణం.

దీని అడుగున కూడా గినీ పందులే ఉన్నాయి. స్ట్రెప్టోమైసిన్ క్షయ మీద పనిచేస్తుందని 1944లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫెల్డ్‌మన్, హిన్‌షా మొదట చూసింది గినీ పందుల్లో. బాల్టిమోర్‌లో 1950ల చివర రిచర్డ్ రైలీ ఒక ఆరు పడకల టీబీ వార్డు గాలిని గొట్టాల ద్వారా పైనున్న గదిలోకి పంపించి, అక్కడ 150కి పైగా గినీ పందుల్ని ఉంచాడు. రోగుల్ని ముట్టుకోకుండానే వాటిలో కొన్నిటికి జబ్బు వచ్చింది. అల్ట్రావయొలెట్ కాంతితో శుభ్రం చేసిన గాలి పీల్చినవాటికి రాలేదు. క్షయ గాలిలో వస్తుందనీ, మందులు వాడుతున్న రోగి నుంచి వచ్చే ప్రమాదం చాలా తక్కువనీ అవే చెప్పాయి. కంచం వేరు చెయ్యడం వల్ల ఏమీ ఒరగదని కూడా చెప్పినట్టే. మద్రాసు కేంద్రం కూడా తన రోగుల కఫంలోని క్రిముల బలాన్ని గినీ పందుల్లోనే పరీక్షించింది. దక్షిణాది క్రిముల్లో చాలావాటికి ఇంగ్లండు క్రిములంత విషం లేదని 1960లో తేల్చింది.

తాతయ్య బతికాడు. ఆ సూదుల వల్లే అనుకుంటాను, జీవితాంతం చీకట్లో నడిస్తే కొంచెం తూలేవాడు. స్ట్రెప్టోమైసిన్ లోపలి చెవిని దెబ్బతీస్తుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా నాన్న పుట్టింది 1966లో. అంటే గోనె పట్టా తీసేశాక. ఈ వాక్యం రాస్తున్నది ఆ పట్టా తీసేసినందువల్లే.

* * *

ఇప్పుడు సజ్జ సంగతి.

మన కోసం మంచు పాత్రలో, వేలాడే పంజరంలో, ఆస్పత్రి పైకప్పు గదిలో కూర్చున్న జంతువు అసలు ఎలా బతుకుతుందో శాస్త్రవేత్తలు తీరిగ్గా అడిగింది 20వ శతాబ్దం చివర్లో. జర్మనీలో మ్యూన్‌స్టర్‌లో నోర్బర్ట్ జాక్సర్ బృందం గినీ పందుల్ని గుంపులుగా పెంచి ఏళ్ళ తరబడి చూసింది. ఒక మగదాన్ని కొత్త చోట ఒంటరిగా పెడితే ఒంట్లో కార్టిసాల్, అంటే కంగారు హార్మోను, బాగా పెరుగుతుంది. దాని జోడీ పక్కనుంటే అంత పెరగదు. తెలియని ఆడదాన్ని పెడితే ఉపయోగం లేదు. ముఖ పరిచయం ఉన్నదాన్ని పెట్టినా లేదు. జోడీయే కావాలి. అమెరికాలో మైకేల్ హెన్నెసీ తల్లి నుంచి వేరు చేసిన పిల్లల్ని గమనించాడు. మొదట కీచుకీచుమని పిలుస్తాయి. కొన్ని గంటలకి అరుపు ఆపేస్తాయి. ముడుచుకుని, కళ్ళు మూసుకుని, వెంట్రుకలు నిక్కబొడుచుకుని కూర్చుంటాయి. అచ్చం జ్వరం వచ్చినట్టు. ఒంట్లో వాపుని తగ్గించే మందు ఇస్తే ఆ ముడుచుకోవడం తగ్గింది. అంటే ఎడబాటు ఒంటికి జబ్బులాగే తగులుతుంది. సజ్జ మూలన కూర్చున్న తీరు చదివినదానితో సరిపోయింది. దాన్ని దుఃఖం అనొచ్చా అంటే, ఆ మాట కోసం నేను కొట్లాడను. 55 గ్రాముల బరువు తగ్గడం మాత్రం నా స్ప్రెడ్‌షీట్‌లో ఉంది.

గెస్నర్ పుట్టిన స్విట్జర్లాండ్‌లోనే 2008లో ఒక నియమం వచ్చింది. గినీ పందిని ఒంటరిగా పెంచకూడదు, కనీసం రెండు ఉండాలి. వినడానికి బాగుంది. కానీ నాలాంటివాడికి వెంటనే కనిపించే బగ్ ఒకటుంది. ఒకటి పోతే ఇంకోటి తేవాలి. అది చిన్నది. పాతది ముందు పోతుంది. మళ్ళీ ఒకటి మిగులుతుంది. ఆగే షరతు లేని లూప్. అందుకే అక్కడ చివరిరోజుల్లో ఉన్న గినీ పందికి తోడుగా ఇంకోదాన్ని అద్దెకి ఇచ్చేవాళ్ళు కూడా తయారయ్యారు. మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

ఈ లూప్ సంగతి భోజనాల దగ్గర చెప్తే మామ్మ విని, కంచంలో చెయ్యి ఆపింది. "మీ తాత పోయినపుడు మీరందరూ నన్నేటి సేసేరు?" అంది.

2005. నేను ఇంటర్లో ఉన్నాను. తాతయ్య పోయాక మామ్మకి విశ్రాంతి కావాలని ఇంట్లోవాళ్ళం వెనక గది ఖాళీ చేసి ఇచ్చాం. టీవీ పెట్టాం. వేళకి అన్నం గదికే తీసుకెళ్ళి ఇచ్చేవాళ్ళం. చాలా బాగా చూసుకుంటున్నామనుకున్నాం. మామ్మ చిక్కిపోయింది. మూడు నెలలకి వాళ్ళ చెల్లెలు, మా చిన్నమామ్మ, అనకాపల్లి నుంచి వచ్చి మంచం ఈడ్చి వంటింటి పక్క హాల్లో వేసింది. ఇద్దరూ చింతపండు పిక్కలు తీస్తూ పోట్లాడుకునేవారు. అప్పుడు మామ్మ తినడం మొదలెట్టింది. "మీ చిన్నమామ్మ మీ తాత కాదు గదా. అయినా మనిషి పక్కన ఉండాలిరా. తర్వాతెవలు పోతారో ఆ లెక్క అప్పుడు సూసుకుందాం" అంది. ఇన్నేళ్ళుగా ఆ గది గురించి ఎవరికీ ఒక్క మాట అనలేదు. ఆ రోజు అంది. మా నాన్న లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

గోనె పట్టా తీసేసిన మనిషికి మేమే మళ్ళీ గది కట్టి ఇచ్చాం. ప్రేమతోనే ఇచ్చాం. బహుశా ముత్తమ్మ కూడా భయంతో పాటు ప్రేమతోనే పట్టా కట్టి ఉంటుంది.

* * *

ఆ తర్వాత చేసినవి పెద్ద పనులేం కావు. సజ్జ పంజరాన్ని బాల్కనీ వైపు నుంచి తీసి, మనుషులు తిరిగే చోట, మామ్మ కుర్చీ పక్కన పెట్టాం. జొన్న పడుకున్న గుడ్డని వెంటనే ఉతకలేదు. రోజూ పొద్దున్న ఒకే టైముకి తూచాను. తగ్గుతూ పోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలని ముందే అనుకున్నాం. పిండి చేసిన మేతని నీళ్ళలో కలిపి సిరంజితో నోటి పక్క నుంచి పెట్టడం ఆయన దగ్గర నేర్చుకున్నాను. జొన్న మంచినీళ్ళ సీసా కూడా అలాగే ఉంచాం. కొత్తదాని కోసం తొందరపడలేదు. మరీ ఆలస్యమూ చెయ్యలేదు.

మూడో వారం, ఊరు మారిపోతున్న ఒక కుటుంబం తమ దగ్గర ఒంటరిగా ఉన్న ఆడ గినీ పందిని ఇస్తామన్నారు. రెండు వారాలు వేరే గదిలో ఉంచాం, ఏదైనా జబ్బు ఉంటే బయటపడుతుందని. ఈ వేరు చెయ్యడానికి అర్థం ఉంది, గడువూ ఉంది. తర్వాత పంజరాలు పక్కపక్కన. తర్వాత ఇద్దరిదీ కాని చోట, హాల్లో పాత దుప్పటి పరిచి, రెండు అట్టపెట్టెలు, రెండు మేత కుప్పలు పెట్టి వదిలాం. పెట్టెలకి రెండు వైపులా తలుపులు ఉండాలి, ఒకటి ఇంకోదాన్ని మూలకి నెట్టకుండా. మొదటిరోజు సజ్జ పళ్ళు పటపటలాడించింది. కొత్తది దాని వెనకే గుర్రుమంటూ తిరిగింది. రక్తం రానంతవరకూ మధ్యలో దూరొద్దని చదివాను కాబట్టి, తువ్వాలు చేత్తో పట్టుకుని ఊరికే కూర్చున్నాను. జాక్సర్ చెప్పింది గుర్తుంది. ముఖ పరిచయం తోడు కాదు. తోడు కావడానికి టైము పడుతుంది.

పాప కొత్తదానికి కొర్ర అని పేరు పెట్టింది. నెల దాటింది. ఇప్పటికీ రెండూ ఒకే పెట్టెలో పడుకోవు. కానీ ఒకే కుప్పలో మేస్తాయి. నిన్న సజ్జ 920 గ్రాములు. ఫ్రిజ్ తలుపు తీస్తే కూత మొదట సజ్జే పెడుతోంది, కొర్ర దాన్ని చూసి నేర్చుకుంటోంది.

కొర్ర సజ్జ కంటే రెండేళ్ళు చిన్నది. లూప్ లూప్‌లాగే ఉంది. ఆ సంగతి పాపకి చెప్పాను, దాచలేదు. కాసేపు ఆలోచించి, "అప్పుడు కొర్ర ఏం చేస్తుందో మనం చూడాలి కదా" అంది. వాల్మీకి అడగని ప్రశ్న మా ఇంట్లో ఒకరికి అలవాటైంది. ప్రస్తుతానికి అది చాలు. క్యాప్సికం ముక్కలు వేసే టైమైంది.